వెనక చక్రానికి కొండ గేరు



కోకాపేట పేరు వినగానే చాలామందికి భూమి ధరే గుర్తొస్తుంది. 2023 ఆగస్టులో ఇక్కడి నియోపోలిస్ వేలంలో ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. విన్నవాళ్లంతా నోరెళ్లబెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 1న, ఇదే ఊరి పక్కగా ఇంకొకటి మొదలైంది. ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి సైకిళ్ల కోసమే వేసిన దారి. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. ఆ రెండోది కోకాపేట మీదుగానే పోతుంది. నెత్తిన 16 మెగావాట్ల సోలార్ పలకల కప్పు ఉంటుంది. ఎండాకాలం పొద్దెక్కాక కూడా మాడు కాలకుండా తొక్కుకోవచ్చు.

ఎకరాల సంగతి మాట్లాడేవాళ్లకు ఈ ఊళ్లో కొదవ లేదు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ కప్పు కింద తిరిగే సైకిళ్ల గురించి. అందులోనూ వాటి వెనక చక్రం పక్కన వేలాడే చిన్న యంత్రం గురించి. దాన్ని డిరైలర్ అంటారు. చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకో పళ్లచక్రం మీదికి నెట్టేది అదే. రోడ్ బైకుకి మౌంటెన్ బైకు గేర్లు బిగించవచ్చా, బిగిస్తే ఏది కలుస్తుంది, ఏది కలవదు అన్నది విషయం. సైకిలు తొక్కనివాళ్లకు ఇదంతా ఎందుకని అనిపించవచ్చు. ఒక పావుగంట ఓపిక పట్టండి. ఇందులో మోకాళ్ల సంగతి కూడా ఉంది.

ఆ ట్రాకు మీద ఏ గేరైనా ఒకటే. ఎత్తుపల్లాలు పెద్దగా లేవు. బక్కపలచని టైర్ల రోడ్ బైకు, లావు టైర్ల మౌంటెన్ బైకు, రెండూ కాని హైబ్రిడ్, అన్నీ అక్కడ హాయిగా నడుస్తాయి. చిక్కు మొదలయ్యేది కప్పు దాటి బయటికి వచ్చాక. సైబరాబాద్‌లో సైకిలు మీద కాస్త మోజు పెరిగిన ప్రతివాడి కన్నూ ఏదో ఒకనాడు అనంతగిరి మీద పడుతుంది. పోలీస్ అకాడమీ చౌరస్తా నుంచి మొయినాబాద్, చేవెళ్ల మర్రిచెట్ల నీడ, మన్నెగూడ దగ్గర కుడివైపు మలుపు, వికారాబాద్, ఆపైన ఘాటు రోడ్డు. కోకాపేట పక్కనే ఉన్న గండిపేట చెరువులోకి నీళ్లు తెచ్చే మూసీ పుట్టింది ఆ అనంతగిరి కొండల్లోనే. అంటే ఇక్కణ్ణుంచి అక్కడికి పోవడమంటే మూసీకి ఎదురు పోవడం. నీరు పల్లమెరుగు అంటారు కదా, మనం పోయేది నీళ్లు వచ్చిన వైపుకి. కంటికి బల్లపరుపుగా కనిపించే రోడ్డు కూడా కొంచెం కొంచెంగా పైకే పోతూంటుంది. అరవై డెబ్బై కిలోమీటర్లు అలా పోయి, కాళ్లు సగం అరిగిపోయాక, అప్పుడు ఘాటు ఎదురవుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. పెన్నూ కాగితం అక్కర్లేదు.

ఇన్నాళ్లూ మన షాపుల్లో ఎక్కువగా కనిపించిన మధ్యరకం రోడ్ బైకు తీసుకోండి. పెడల్ దగ్గర రెండు చైన్ వీళ్లు ఉంటాయి. పెద్దదానికి 50 పళ్లు, చిన్నదానికి 34. వెనక క్యాసెట్‌లో, అంటే పళ్లచక్రాల దొంతరలో, అన్నిటికంటే చిన్న చక్రానికి 11 పళ్లు, పెద్దదానికి 28. ఎక్కుడు వచ్చినప్పుడు మనం ముందు 34, వెనక 28 మీద పడతాం. దానికంటే తేలిక గేరు ఆ సైకిలులో లేదు. ఆ గేరులో పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిలు సుమారు రెండున్నర మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు 9 కిలోమీటర్ల వేగం. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు ఎనిమిది మీటర్లు లేచే ఎక్కుడు మీద ఆ వేగం నిలబెట్టాలంటే కాళ్లు సుమారు 180 వాట్లు ఇవ్వాలి.

180 వాట్లు పోటీలకు తయారైనవాడికి లెక్కలోకి రావు. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని, సాయంత్రం ఇంకో కాల్ కోసం మళ్లీ కూర్చునే నలభై అయిదేళ్ల మనిషికి మాత్రం అవి ఎక్కువే. అంత ఇవ్వలేనప్పుడు ఏం చేస్తాడు? వేగం తగ్గిస్తాడు. గేరు అదే కాబట్టి పెడల్ చుట్లు తగ్గుతాయి. అరవై కాస్తా నలభై అవుతుంది. ఒక్కో తొక్కుడికీ ఒళ్లంతా లేపి మోపాల్సి వస్తుంది. ఆ బరువంతా మోసేది మోకాలు. మర్నాడు ఆఫీసులో లిఫ్టు దాకా నడిచేటప్పుడు ఆ సంగతి తెలుస్తుంది.

అదే వెనక 28 పళ్ల బదులు 36 పళ్ల చక్రం ఉంటే? ఒక చుట్టుకు సైకిలు రెండు మీటర్లకు కొంచెం తక్కువ పోతుంది. అవే 60 చుట్లకు వేగం 7 కిలోమీటర్లు, కావలసిన బలం 140 వాట్లు. నెమ్మదిగా పోతాం, నిజమే. కానీ పోతాం. మౌంటెన్ బైకులకు 34, 36 పళ్ల చక్రాలు ఎప్పటినుంచో ఉన్నవే. వెనక ఇవి, ముందు 22 పళ్ల చైన్ వీలు పెట్టుకుని గోడలాంటి బాటలు ఎక్కేవాళ్లున్నారు.

మరి రోడ్ బైకులకు ఆ గేర్లు ఎందుకివ్వలేదు? అవి పందెం సైకిళ్ల నమూనాలో తయారయ్యాయి కాబట్టి. ముందు 50, వెనక 11 మీద ఒక చుట్టుకు సైకిలు తొమ్మిదిన్నర మీటర్లు పోతుంది. నిమిషానికి 90 చుట్లు తిప్పితే గంటకు యాభై కిలోమీటర్లు దాటుతుంది. బల్లపరుపు మీద ఆ వేగంతో తొక్కేవాళ్లు కోకాపేటలో ఎందరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మనం ఏడాదికోసారి కూడా వాడని గేరుకు డబ్బులిచ్చి, వారం వారం కావలసిన గేరు లేకుండా ఇంటికి తెచ్చుకుంటున్నాం. ఇది నాకు మొదటినుంచీ వింతగానే ఉంది.

కాబట్టి రోడ్ బైకుకి వెనకవైపు మౌంటెన్ బైకు క్యాసెట్, దాన్ని మోయగల డిరైలర్ బిగించుకోవాలన్న ఆలోచన పిచ్చి ఆలోచనేమీ కాదు. ఆలోచన వచ్చాక అందరూ చేసే పని ఒకటే. సైకిలు మీద 10 గేర్లున్నాయి, మౌంటెన్ బైకు డిరైలర్ మీద కూడా 10 అని రాసి ఉంది, పదికి పది సరిపోయింది అనుకుని కొని తెచ్చేస్తారు. మా కాలనీలో ఒకాయన అలాగే తెచ్చి, మణికొండ వైపు ఒక వర్క్‌షాపులో బిగించమన్నాడు. నేను పక్కనే ఉన్నాను. మెకానిక్ కుర్రాడు డబ్బా మీద నంబరు చూసి పక్కన పెట్టేశాడు.

"గివి రెండూ కలవయి సార్."

"రెండిటి మీదా పది అనే ఉంది కదా తమ్ముడూ?"

"పదుంటే ఏంది సార్? లాగుడు వేరే."

మావాడు వినలేదు. సరే చూపిస్తానని కుర్రాడు సైకిలును స్టాండుకెక్కించి బిగించాడు. చైను అన్నిటికంటే చిన్న చక్రం మీద పెట్టి, తీగ బిగించి, పెడల్ చేత్తో తిప్పుతూ, హ్యాండిల్ మీద గేరు మార్చే షిఫ్టర్ ఒకసారి నొక్కాడు. టిక్కుమంది. చైను పక్క చక్రం అంచు దాకా పోయి దాన్ని గీరుతూ అక్కడే ఆగింది. ఎక్కలేదు. ఇంకోసారి టిక్కుమనిపించాడు. ఇప్పుడు ఎక్కింది, కానీ మూడో చక్రం మీదికి పోవాల్సింది రెండో దాని మీదే గరగరలాడుతూ కూర్చుంది. ఇంకొన్ని నొక్కులకు ఏ చక్రమూ కాని చోట నిలబడి, పెడల్ మీద చెయ్యి కాస్త గట్టిగా వేసేసరికి ఠప్పున జారింది. తీగ బిగువు సరిచేసే పీపా మరను ఎంత తిప్పినా ఒక చక్రం దగ్గర కుదిరితే ఇంకో చక్రం దగ్గర చెడింది. "చూస్తిరి కదా" అన్నాడు కుర్రాడు, డిరైలర్ విప్పుతూ.

ఆ 'లాగుడు'లోనే ఉంది అంతా. షిఫ్టర్ ఒక్కసారి నొక్కితే లోపలి చక్రం కొంత తీగను లాగుతుంది. డిరైలర్ ఆ లాగిన తీగను తన కీళ్ల ద్వారా కొన్ని రెట్లు చేసి పక్కకు జరుగుతుంది. ఆ జరిగిన దూరం, వెనక ఒక పళ్లచక్రం నుంచి పక్క చక్రానికి ఉన్న దూరం, ఈ రెండూ సమానం కావాలి. షిమానో కంపెనీ పాత 10 గేర్ల రోడ్ షిఫ్టర్ నొక్కుకు 2.3 మిల్లీమీటర్ల తీగ లాగుతుంది. రోడ్ డిరైలర్ దాన్ని 1.7 రెట్లు చేస్తుంది. అంటే 3.9 మిల్లీమీటర్లు. పక్క చక్రం ఉన్నది కూడా దాదాపు అంత దూరంలోనే. అక్కడికి సరిపోయింది. అదే కంపెనీ కొన్నేళ్ల తర్వాత మౌంటెన్ బైకుకి 10 గేర్లు తెచ్చినప్పుడు కొలత మార్చేసింది. షిఫ్టర్ 3.4 మిల్లీమీటర్లు లాగుతుంది, డిరైలర్ ఇంచుమించు 1.2 రెట్లే చేస్తుంది. విడిగా చూస్తే అదీ నాలుగు మిల్లీమీటర్ల దగ్గరే తేలుతుంది. కానీ రోడ్ షిఫ్టర్‌కి ఆ డిరైలర్ తగిలిస్తే 2.3 ఇంటూ 1.2, అంటే మూడు మిల్లీమీటర్లు కూడా రాదు. నొక్కు నొక్కుకూ మిల్లీమీటరుకు పైగా వెనకబడుతుంది. మూడు నొక్కులయ్యేసరికి దాదాపు ఒక చక్రం తేడా. దర్జీ అంగుళాల్లో కొలతలు తీసుకుంటే, కత్తెర పట్టినవాడు అవే అంకెలను సెంటీమీటర్లనుకుని కత్తిరించినట్టు.

కంపెనీవాళ్లు ఊరికే మార్చారా? పాత భాగాలు పనికిరాకుండా చేసి కొత్తవి అమ్ముకోవడానికే అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ అనుమానం పూర్తిగా తీసేయలేం. కానీ కారణం కూడా ఒకటి ఉంది. మౌంటెన్ బైకు బురదలో తిరుగుతుంది, తీగ తొడుగులోకి మట్టి చేరుతుంది. నొక్కుకు ఎక్కువ తీగ లాగే ఏర్పాటులో పావు మిల్లీమీటరు అటూ ఇటూ అయినా గేరు తప్పదు. తక్కువ లాగే ఏర్పాటులో ఆ పావు మిల్లీమీటరే చాలు చైను గీరడానికి.

ఇంతకీ మావాడి సమస్య తీరిందా అంటే, తీరింది. కుర్రాడే దారి చెప్పాడు. పది గేర్ల మౌంటెన్ డిరైలర్ బదులు తొమ్మిది గేర్లది తెమ్మన్నాడు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. సైకిలుకి 10, డిరైలర్ మీద 9. కానీ షిమానోలో 9 గేర్ల దాకా రోడ్ డిరైలర్లూ మౌంటెన్ డిరైలర్లూ అదే 1.7 రెట్ల కొలతతో ఉన్నాయి. ఆల్టస్, అలీవియో వంటి 9 గేర్ల రకాలు ఇవాళ్టికీ ఆ కొలతే. తన పక్కన తొమ్మిది చక్రాలున్నాయో పది ఉన్నాయో డిరైలర్‌కి తెలియదు. తీగ ఎంత లాగితే అంతకు తగ్గట్టు జరగడమే దాని పని. లెక్కపెట్టేది షిఫ్టర్. కాబట్టి 10 గేర్ల పాత రోడ్ షిఫ్టర్, 9 గేర్ల మౌంటెన్ డిరైలర్, 10 చక్రాల 36 పళ్ల మౌంటెన్ క్యాసెట్, 10 గేర్ల చైను, ఈ నాలుగూ చక్కగా కలుస్తాయి. ఈ క్యాసెట్ రోడ్ చక్రం హబ్బు మీద నేరుగా కూర్చుంటుంది కూడా. దూర ప్రయాణాల సైక్లిస్టుల్లో ఈ కలయిక చాలా ఏళ్లుగా నడుస్తోంది.

ఇక్కడే ఒక గుంట ఉంది, జాగ్రత్త. 'పాత' అని నేను ఒత్తి చెప్పింది ఊరికే కాదు. 2015లో వచ్చిన టియాగ్రా 4700 రకం కూడా 10 గేర్లదే. కానీ దాని లాగుడు 11 గేర్ల రోడ్ షిఫ్టర్లది. పైన చెప్పిన ఉపాయం దాని దగ్గర పారదు. 11 గేర్లకు వచ్చాక షిమానో రోడ్‌కు 1.4, మౌంటెన్‌కు 1.1 అని రెండు దారులూ పూర్తిగా వేరు చేసేసింది. మధ్యలో తీగను చుట్టుకుని లాగుడు మార్చే చిన్న కప్పీలు విదేశాల్లో అమ్ముతారు, పనిచేస్తాయి కూడా. కానీ దారిలో చెడితే బాగుచేసేవాడు దొరకని వస్తువు దూరప్రయాణం సైకిలుకి ఎందుకని నా అభిప్రాయం. అమెరికా కంపెనీ స్రామ్ ఈ విషయంలో కాస్త దయ చూపింది. వాళ్ల 10 గేర్ల రోడ్, మౌంటెన్ డిరైలర్లు రెండిటిదీ ఒకే కొలత. వాళ్ల 11 గేర్ల రోడ్ షిఫ్టర్ కూడా ఆ 10 గేర్ల మౌంటెన్ డిరైలర్‌తో కలుస్తుంది. కొనేముందు చూడాల్సింది డబ్బా మీద రోడ్ అని ఉందా మౌంటెన్ అని ఉందా అని కాదు, ఎన్ని గేర్లని కూడా కాదు. ఆ మోడల్ నంబరుది ఏ లాగుడో చూడాలి.

లాగుడు కుదిరితే పని అయిపోయినట్టు కాదు. డిరైలర్ కింద రెండు చిన్న చక్రాలతో వేలాడే పంజరం ఉంటుంది. వదులైన చైనును లాక్కుని ఉంచేది అదే. రోడ్ డిరైలర్లలో పొట్టి పంజరం, మౌంటెన్ వాటిలో పొడుగు పంజరం. ముందు చైన్ వీళ్ల మధ్య తేడా, వెనక చక్రాల మధ్య తేడా కలిపితే ఆ పంజరం ఎంత చైను మింగాలో తెలుస్తుంది. 50లో 34 పోతే 16. 36లో 11 పోతే 25. మొత్తం 41. పొట్టి పంజరాల్లో చాలావాటి పరిమితి 33 దగ్గరే ఆగిపోతుంది. పైగా 28 లేదా 30 పళ్లు దాటిన చక్రానికి వాటి పై కప్పీ తగులుకుంటుంది. అందుకే క్యాసెట్ ఒక్కటి మార్చి, పాత డిరైలర్‌తో నెట్టుకొద్దామనుకుంటే కుదరదు. కొంతమంది వెనకున్న బీ స్క్రూను చివరిదాకా బిగించి ఎలాగో సర్దుతారు. ఆ స్క్రూ పని డిరైలర్ పై కప్పీని పెద్ద చక్రానికి తగలకుండా ఎడంగా ఉంచడం. అయిదారు మిల్లీమీటర్ల ఎడం చాలు. స్టాండు మీద సరిపోయినట్టే ఉంటుంది. రోడ్డెక్కి గతుకులో పడ్డాక కరకరమంటుంది.

మార్పు వల్ల పోయేదేమీ లేదా అంటే, ఉంది. 11 నుంచి 28 దాకా పది చక్రాలు సర్దితే మెట్లు చిన్నవి. 11 నుంచి 36 దాకా అవే పది సర్దితే మెట్లు పెద్దవవుతాయి. గుంపుగా ఒకే వేగంతో తొక్కేటప్పుడు ఒక గేరు మరీ తేలిక, పక్క గేరు మరీ బరువు అనిపిస్తుంది. ట్రాకు మీద ఆదివారం పొద్దున వరుసలో పోయేవాళ్లకు ఇది చికాకే. ఒంటరిగా దూరాలు పోయేవాళ్లకు రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

ఇంతవరకు చెప్పింది వెనక సంగతి. ముందువైపు జోలికి మాత్రం పోవద్దంటాను. మౌంటెన్ బైకు మూడు చైన్ వీళ్ల సెట్టు చూస్తే నోరూరుతుంది, నిజమే. 22 పళ్ల చిన్నది ఉంటే ఏ కొండైనా ఎక్కెయ్యొచ్చు. కానీ అది ఫ్రేము మధ్యగీత నుంచి 47.5, 50 మిల్లీమీటర్ల దూరంలో నిలబడుతుంది. రోడ్ సెట్టు 43.5 దగ్గర. చైన్ వీళ్ల మధ్య చైనును నెట్టే ముందు డిరైలర్ లాగుడు కూడా రోడ్‌కు వేరు, మౌంటెన్‌కు వేరు. దాని రేకుల వంపు కూడా వేరు. 50 పళ్ల చక్రానికి తీర్చిన వంపు 42 పళ్ల దాని మీద కుదురుగా పనిచేయదు. లాగుడు చిక్కుకు మాత్రం ఒక మందుంది. టిక్కు టిక్కుమనే షిఫ్టర్ తీసేసి, నొక్కులే లేని పాతకాలపు మీట పెట్టుకోవడం. హ్యాండిల్ కొసల్లో గుచ్చే రకం ఇప్పటికీ దొరుకుతుంది. దానికి లెక్కల్లేవు, కొలతల్లేవు. చైను ఎక్కేదాకా తోయడమే. చెవి చెబుతుంది ఎక్కడ ఆపాలో.

బ్రేకుల మాట ఇంకా గట్టిగా చెప్పాలి. గేరు తప్పితే చైను జారుతుంది. బ్రేకు తప్పితే మనిషి జారతాడు. మౌంటెన్ బైకులకు, హైబ్రిడ్‌లకు ఉండే వీ-బ్రేకులకు ఎక్కువ తీగ కావాలి. రోడ్ బైకు వంపు హ్యాండిల్ మీటలు దాదాపు అందులో సగమే లాగుతాయి. హైబ్రిడ్‌కు వంపు హ్యాండిల్ పెట్టించుకుందామని సరదా పడేవాళ్లు ఈ ఒక్క సంగతి మర్చిపోతారు. మీట హ్యాండిల్‌కు తగిలిపోతుంది, బ్రేకు ఇంకా రిమ్మును పట్టుకోదు. తిరగేసి బిగిస్తే, అంటే వీ-బ్రేకు మీటకు రోడ్ బ్రేకు తగిలిస్తే, మీట రాయిలా గట్టిగా ఉంటుంది కానీ సైకిలు ఆగదు. అనంతగిరి దిగేటప్పుడు ఈ ప్రయోగాలు పనికిరావు. తీగతో లాగే డిస్క్ బ్రేకుల్లో కూడా రోడ్ మీటలకు వేరు, మౌంటెన్ మీటలకు వేరు రకాలున్నాయి. అడిగి తీసుకోండి.

రోడ్ సైకిలు మీద మౌంటెన్ భాగాలు చూస్తే ముఖం చిట్లించే పెద్దమనుషులు మన క్లబ్బుల్లో ఉన్నారు. వాళ్లకోసం కాస్త చరిత్ర చెబుతాను. మౌంటెన్ బైకే అతుకుల సైకిలు. 1974 డిసెంబరులో కాలిఫోర్నియాలో ఒక పోటీకి కుపర్టినో నుంచి కొందరు కుర్రాళ్లు వచ్చారు. ఇవాళ మన తెలుగువాళ్లు ఎంతోమంది ఉంటున్న ఆ కుపర్టినోయే. వాళ్లు తెచ్చినవి లావు టైర్ల పాత సైకిళ్లు, వాటికి రోడ్ సైకిళ్ల డిరైలర్లు తగిలించి ఉన్నాయి. చుట్టుపక్కల మారిన్ కౌంటీ కుర్రాళ్లు చూశారు. గ్యారీ ఫిషర్ లాంటివాళ్లు 1930ల నాటి ష్విన్ ఫ్రేములకు దూరప్రయాణం సైకిళ్ల గేర్లు, మోటారు సైకిళ్ల బ్రేకు మీటలు బిగించి కొండలెక్కారు. 1976 అక్టోబరు 21న రీప్యాక్ అనే కొండబాట మీద మొదటి పందెం జరిగింది. కిందికి వచ్చేసరికి హబ్బు బ్రేకులో గ్రీజు కాలిపోయేది, మళ్లీ కూరాల్సి వచ్చేది, అందుకే ఆ పేరు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అని సైకిలు అమ్మకానికి పెట్టే నాటికి అతుకులబొంత కాస్తా కొత్త జాతి అయిపోయింది.

అంతకుముందు గేర్లే సిగ్గుచేటు అన్న కాలం కూడా ఉంది. టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రి దెగ్రాంజ్ దృష్టిలో గేర్లు నలభై అయిదు దాటినవాళ్లకు కావలసినవి. ఆయన లెక్కన సైబరాబాద్‌లో సగంమందికి అనుమతి దొరికినట్టే. సెయింట్ ఎతియెన్‌లో పోల్ ద వివీ, వెలోసియో అనే కలం పేరుతో, గేర్ల కోసం జీవితమంతా వాదించి 1930లో పోయాడు. టూర్‌లో డిరైలర్లకు అనుమతి దొరికింది 1937లో. ఆ ఏడాది గెలిచిన రోజే లాపెబీ డిరైలర్ వాడినవాడే. గేరు మార్చిన ప్రతిసారీ నొక్కు పలికే ఏర్పాటు 1984లో షిమానో డ్యూరా-ఏస్‌తో నిలదొక్కుకుంది. అంతకుముందు దాదాపు అన్నీ నొక్కుల్లేని మీటలే. ఎవరి డిరైలర్ ఎవరి షిఫ్టర్‌తోనైనా కలిసేది. అంటే ఈ కలవకపోవడమన్నది మనం సుఖానికి కట్టిన సుంకం.

ఇప్పుడు ఆ సుంకం కొంత తగ్గుతోంది. 2019లో స్రామ్ తీగల్లేని గేర్లలో రోడ్ మీటలూ మౌంటెన్ డిరైలర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేసింది. తీగే లేకపోతే లాగుడెక్కడిది? మధ్యలో నడిచేది రేడియో తరంగం. ఈ మాట రేడియోలో చెబుతుంటే నాకు కొంచెం సంతోషంగానే ఉంది. ముందు వంపు హ్యాండిల్, వెనక ఇంత పళ్లెమంత మౌంటెన్ క్యాసెట్, ధర మాత్రం మంచి మోటారు సైకిలుకి దగ్గరపడుతుంది. అదే ఏడాది షిమానో జీఆర్ఎక్స్ అనే వరుస తెచ్చింది. రోడ్ లాగుడు, ముందు 46, 30 పళ్లు, కాస్త పొడుగైన పంజరం. ఇన్నాళ్లూ వర్క్‌షాపు కుర్రాళ్లు అతికిందే కంపెనీ డబ్బాలో పెట్టి అమ్మడం మొదలైంది. 2023లో క్యూస్ అని తక్కువ ధరల వరుస తెచ్చి, అందులో 9, 10, 11 గేర్లకు ఒకే కొలత పెట్టారు. ముందే ఆ పని చేసి ఉంటే మావాడి డబ్బు మిగిలేది.

మరి ఎవరేం చేయాలి? ట్రాకు దాటి పోనివాళ్లు ఏమీ మార్చక్కర్లేదు. ఉన్నదాన్ని శుభ్రంగా తుడిచి చైనుకు నూనె వేసుకుంటే చాలు. 11 గేర్ల రోడ్ బైకు ఉన్నవాళ్లు మౌంటెన్ భాగాల కోసం వెతక్కండి. రోడ్ వరుసలోనే ఇప్పుడు 34 పళ్ల క్యాసెట్‌కు తగిన డిరైలర్లు దొరుకుతున్నాయి. 34 మీద 34 అంటే ఒక చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకు, నూటికి తొంభైమందికి అది సరిపోతుంది. పాత 9, 10 గేర్ల సైకిలు ఇంట్లో ఉండి, దాన్ని అమ్మడానికి మనసొప్పనివాళ్లకే ఈ కలపడం అసలు లాభం. కొత్త సైకిలు ధరతో పోలిస్తే ఒక క్యాసెట్, ఒక డిరైలర్, ఒక చైను ఖర్చు ఏపాటిది?

రెండు వందల కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా ముగించాల్సిన దూరప్రయాణం, పెట్టుకుంటే పదమూడున్నర గంటల గడువు. దారిలో ఆగిన సమయమంతా కలుపుకుని గంటకు పదిహేను కిలోమీటర్లు పడితే గట్టెక్కుతాం. అలాంటివి ఒక్కొక్కటీ దాటుకుంటూ వెళ్లి నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ దాకా పోవాలనుకునేవాళ్లకు అక్కడ 1200 కిలోమీటర్లు, పదివేల మీటర్లకు పైగా ఎక్కుడు, తొంభై గంటల గడువు. అక్కడ ముందుండేది గంటకు యాభై పోయే గేరు ఉన్నవాడు కావచ్చు. మూడో రాత్రి కూడా సైకిలు దిగకుండా ఎక్కుడు ఎక్కాలంటే మాత్రం తేలిక గేరు కావాలి.

ఇక చివరిగా, ఇలాంటి పని చేయించుకున్న రోజు డబ్బులిచ్చేముందు ఒక పరీక్ష మీ కళ్ల ముందే చేయించండి. సైకిలు స్టాండు మీదే ఉండగా చైనును ముందు పెద్ద చైన్ వీలు మీదికి, వెనక కూడా అన్నిటికంటే పెద్ద చక్రం మీదికి ఎక్కించమనండి. రోడ్డు మీద ఈ గేరు వాడకూడదు, కానీ ఎప్పుడో ఒకప్పుడు అలసటలో చెయ్యి పొరపాటున నొక్కుతుంది. అక్కడ డిరైలర్ పంజరం ముందుకు సాగినా, ఇంకా కాస్త వంపు మిగిలి ఉండాలి. తాడులా బిగుసుకుపోతే చైను పొట్టిదైందన్నమాట. నడిరోడ్డు మీద ఆ గేరు పడితే డిరైలర్ దాన్ని పట్టుకున్న కొక్కెంతో సహా ఊడి స్పోకుల్లోకి పోతుంది. రెండు లంకెలు కలిపి మళ్లీ చూపించమనండి. తర్వాత ముందు చిన్నది, వెనక చిన్నది పెట్టించి, చైను వేలాడకుండా ఉందో లేదో చూడండి. రెండూ కుదిరాక స్టాండు మీంచి దించి తొక్కి చూసుకోండి.